తిండి మారలేదు, గోలీలు మారలేదు, మరి షుగర్ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: నాకు 67 ఏండ్లు. చాలా ఏండ్లుగా షుగర్ ఉన్నా అదుపులోనే ఉండేది. రెండేండ్ల కింద మా ఆయనకు పక్షవాతం వచ్చి ఒక పక్క మొత్తం పడిపోయింది. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో ఉంటారు, ఇక్కడ చూసుకునేది నేనొక్కదాన్నే. రాత్రిపూట రెండు మూడు సార్లు లేచి ఆయనను పక్కకు తిప్పాలి. నేను తినేది అదే, వేసుకునే గోలీలు అవే, అయినా మూడు నెలల షుగర్ పరీక్ష 7.2 నుంచి 9.1కి పోయింది. కాలి బొటనవేలి పక్కన పుండు లేచి నెల దాటింది, మానడం లేదు. డాక్టర్‌ను అడిగితే టెన్షన్ తగ్గించుకోమ్మా అన్నారు. టెన్షన్‌తో షుగర్ పెరుగుతుందా? పుండు మానకపోవడానికి కూడా అదేనా?
- ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: అమ్మా, ముందు పుండు సంగతి. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు నెల దాటినా మానలేదంటే దాన్ని టెన్షన్ ఖాతాలో రాసేసి కూర్చోవద్దు. రేపే దగ్గర్లోని సర్జన్‌కు గానీ, వరంగల్ ఎంజీఎంలో గానీ చూపించండి. నొప్పి లేదు కదా అనుకోకండి, షుగర్‌తో నరాలు మొద్దుబారితే నొప్పి తెలియదు. కాలికి రక్తం సరిగ్గా అందుతోందా, చీము లోపలికి పోయిందా, ఎముక దాకా చేరిందా అన్నది చూసి తీరాలి. అప్పటిదాకా పసుపు పెట్టి గుడ్డ కట్టడం, వట్టి కాళ్లతో వాకిట్లో తిరగడం రెండూ బంద్.

ఇక మీరు అడిగింది. అవును, టెన్షన్‌తో షుగర్ పెరుగుతుంది. కీళ్ల నొప్పులకని స్టెరాయిడ్ సూది వేయించుకున్న షుగర్ పేషెంట్‌కు రెండు రోజుల్లో షుగర్ ఎగబాకడం మన ఊళ్లలో చూస్తూనే ఉంటాం. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల్లో కార్టిసాల్ అనే హార్మోన్ పుడుతుంది, అది మన ఒళ్లు తయారుచేసుకునే స్టెరాయిడే. ఆపద వచ్చినప్పుడు శక్తి కావాలి కాబట్టి అది కాలేయం నుంచి గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలిస్తుంది, ఇన్సులిన్ పనిని మందగింపజేస్తుంది. పాము కనబడి పరుగెత్తే ఆ కాసేపు అది మేలే, కానీ మీ విషయంలో ఆ ఆపద రెండేండ్లుగా ఇంట్లోనే, మంచం మీద ఉంది. దానికి తోడు కార్టిసాల్ పొద్దున ఎక్కువగా ఉండి రాత్రికి బాగా తగ్గాలి, వయసు పైబడ్డవాళ్లలో ఆ తగ్గడం అసలే అంతంత మాత్రం, పైగా మీరు నిద్ర మధ్యలో లేస్తున్నారు.

పుండు విషయంలోనూ దీనికి వాటా ఉంది. 1995లో అమెరికాలోని ఒహాయోలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం, మతిమరుపు జబ్బు పడ్డ ఇంటివాళ్లను చూసుకుంటున్న ఆడవాళ్ల చేతికి ఒక చిన్న గాయం చేసి, అదే వయసులో ఉండి ఆ బరువు లేని ఆడవాళ్లతో పోల్చి చూసింది. సేవ చేస్తున్నవాళ్లకు గాయం మానడానికి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. గాయం దగ్గరికి మొదట చేరాల్సిన రక్షణ కణాలను ఈ హార్మోన్లు అణచిపెడతాయి. మీకైతే ఎక్కువైన షుగర్ కూడా మాననివ్వదు, కాబట్టి దెబ్బ రెండు వైపుల నుంచి పడుతోంది.

ఇప్పుడు రాసేది మీకోసం కాదు, మీ పిల్లల కోసం, వాళ్లకు చదివి వినిపించండి. 1999లో అమెరికాలోనే వచ్చిన ఇంకో అధ్యయనంలో, జబ్బుపడ్డ భర్తనో భార్యనో చూసుకుంటూ ఆ భారంతో నలిగిపోతున్న 66 ఏండ్లు పైబడ్డవాళ్లు నాలుగేండ్లలో చనిపోయే ప్రమాదం, ఆ బాధ్యత లేనివాళ్ల కంటే 63 శాతం ఎక్కువని తేలింది. అదే సేవ చేస్తున్నా నలిగిపోనివాళ్లలో మాత్రం అంత తేడా కనబడలేదు. అంటే బాబూ, అమ్మను ఫోన్‌లో టెన్షన్ పడకమ్మా అంటే సరిపోదు (నిజానికి ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది), వారంలో కనీసం రెండు రాత్రులు ఆమె వేరే గదిలో తెల్లారేదాకా పడుకునే ఏర్పాటు చేయాలి. వంతులేసుకుని రండి, లేకపోతే రాత్రికి మనిషిని పెట్టి జీతం మీరిద్దరూ పంచుకోండి.

అమ్మా, మీరు చేయాల్సినవీ ఉన్నాయి. తొమ్మిది దాటిన షుగర్‌కు మందు మార్చాల్సి రావచ్చు, కొన్నాళ్లు ఇన్సులిన్ అన్నా భయపడకండి. నిద్ర గోలీలు మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు, ఈ వయసులో ఆ మత్తులో లేచి పడితే తుంటి ఎముక విరుగుతుంది, అప్పుడు ఇద్దరికీ మంచమే. మనసు బరువెక్కినప్పుడు 14416 టెలీమానస్‌కు చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 కూడా అంతే.

ప్రశ్న: మా బాపు సింగరేణిలో చేసి రిటైరయ్యారు, 71 ఏండ్లు. దవాఖానలో చూస్తే బీపీ 170, ఇంట్లో మిషన్ మీద 128, 130. ఏది నమ్మాలి? ఆయనైతే భయంతో రోజుకు పదిసార్లు చూసుకుంటున్నారు.
- గోదావరిఖని నుంచి ఒకరు

జవాబు: తెల్లకోటు కనబడగానే బీపీ పెరిగేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ ఇంటి లెక్కను నమ్మాలంటే అది పద్ధతిగా తీసిందై ఉండాలి. వారం రోజులు, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, అంతే. అరగంట ముందు నుంచి చాయ్, బీడీ వద్దు. మూత్రానికి పోయొచ్చి, కుర్చీలో వెనక్కి ఆని, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టుకుని ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూడాలి. సగటు 135/85 కంటే తక్కువుంటే ఆ కాగితం డాక్టర్‌కు చూపించండి, దవాఖాన అంకె ఒక్కటే చూసి మందు పెంచితే లేచి నిలబడ్డప్పుడు కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది. అట్లని వదిలేయొద్దు, ఇట్లాంటివాళ్లలో కొందరికి ముందుముందు నిజంగానే బీపీ వస్తుంది. మిగిలిన వేళల్లో మిషన్ మీ బీరువాలో పెట్టి తాళం వేయండి, పదిసార్లు చూసుకుంటే పదోసారికి ఎవరికైనా పెరుగుతుంది. ఛాతీలో పట్టేసినట్టుండి చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా మాత్రం మిషన్ కోసం వెతకొద్దు, 108కి ఫోన్ చేయండి.