మీ ప్రశ్నలు, మా జవాబులు: ఈసారి అంతా ఎస్వీఆరే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎస్వీ రంగారావు గారి మీదే ఉన్నాయి, అందుకని మిగతావి వచ్చే సంచికకి వాయిదా వేశాం.

ప్రశ్న: ‘గుండమ్మ కథ’లో ఎన్టీఆర్, ఏఎన్నార్‌లకి తండ్రిగా చేశారు కదా, అప్పటికి ఆయన వయసెంత? అరవై ఉంటాయని మా ఇంట్లో పందెం.

జవాబు: పందెం పోయినట్టే. అప్పటికి ఆయనకి 44 కూడా నిండలేదు. నూజివీడులో 1918 జూలై 3న పుట్టారు, సినిమా 1962 జూన్‌లో వచ్చింది. రామారావు గారు పుట్టింది 1923లో, నాగేశ్వరరావు గారు 1924లో, అంటే ఆ ఇంట్లో తండ్రికీ పెద్దకొడుక్కీ తేడా ఐదేళ్లన్నమాట! ఇంకా చిత్రం ‘మిస్సమ్మ’. 1955లో అది విడుదలయ్యేనాటికి ఆయనకి 37 కూడా నిండలేదు, అప్పటికే సావిత్రికీ జమునకీ తండ్రి అయిపోయారు. చూసే మనకి ఈ లెక్క ఎప్పుడూ తట్టలేదంటే కారణం మేకప్ ఒక్కటే కాదు. ముసలివాడంటే వణకాలి, దగ్గాలి, నడుం పట్టుకోవాలి అనుకునే రకం కాదాయన. కూర్చోవడంలో, లేవడంలో, ఎదుటివాడికి జవాబివ్వడంలో తొందర తీసేసేవారు, అంతే. తన మాటకి ఎదురులేదని తెలిసిన పెద్దాయన గొంతు పెంచాల్సిన పనేముంది?

ప్రశ్న: సినిమాల్లోకి రాకముందు ఫైర్ సర్వీసులో పనిచేశారట, నిజమేనా?

జవాబు: నిజమే. బీఎస్సీ చదివి అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశారు. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సంస్థ ఉండేది, అంజలీదేవి, ఆదినారాయణరావు లాంటి వాళ్లంతా అక్కడి నుంచి వచ్చినవాళ్లే, ఈయన కూడా అదే గుంపు. 1947లో ‘వరూధిని’లో ప్రవరుడి వేషం దొరికింది, అంటే హీరో! సినిమా ఆడలేదు, అవకాశాలూ రాలేదు, చేసేదిలేక జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు. మళ్లీ మద్రాసు వచ్చాక 1950లో ‘షావుకారు’లో సున్నం రంగడు, ఆ మరుసటి ఏడాదే ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడు. ఇక వెనక్కి చూసుకోలేదు. నన్నడిగితే ‘వరూధిని’ ఆడకపోవడమే మన అదృష్టం. ఆడి ఉంటే పదేళ్లు చెట్ల చుట్టూ తిరిగే వేషాలే వేయించేవాళ్లు.

ప్రశ్న: మా అబ్బాయికి ‘మాయాబజార్’ చూపిస్తే ఘటోత్కచుడిది ఓవర్ యాక్షన్ అన్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: వాదన పెట్టుకోకండి. ‘అహ నా పెళ్ళియంట’ పాట ఒక్కటి మళ్లీ పెట్టి సావిత్రిని చూడమనండి. తెర మీద ఉన్నది శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు కదా, అంటే సావిత్రి అక్కడ అనుకరిస్తున్నది ఎవరిని? ఎస్వీఆర్‌నే. నాజూగ్గా సిగ్గుపడుతూ ఉన్నట్టుండి ఛాతీ విరుచుకుని మగాడిలా తయారవుతుంది చూడండి, అప్పుడు మనకి క్షణంలో రంగారావు కనిపిస్తారు. ఊరికే గదాడించి అరిచే వేషమైతే దాన్ని ఇంకొకరు ఇలా పట్టుకోగలరా? ఒక నడక, ఒక నిలబడే తీరు, నవ్వుకి ఒక తూగు ఉన్నాయి కాబట్టే సావిత్రికి పట్టుకోవడానికి ఏదో దొరికింది. ఇక ‘వివాహ భోజనంబు’ సంగతి. పాడింది మాధవపెద్ది సత్యం, లడ్డూలని గాల్లో ఎగరేసింది మార్కస్ బార్ట్‌లీ కెమెరా, అయినా తింటున్నది నిజంగా ఆకలేసిన రాక్షసుడే అని మనం నమ్మేది ఆ మొహంలోని పసిపిల్లాడి సంబరం వల్ల. రాక్షసుడిని ముద్దొచ్చేలా చేయడం మాటలా?

తగ్గించి చేయడం ఎలా ఉంటుందో చూడాలంటే ‘నర్తనశాల’ (1963) ఉంది. కీచకుడంటే కళ్లెర్రజేసి మీసం మెలేసేవాడు అనుకుంటాం. ఈయన కీచకుడు చాలాచోట్ల గొంతు తగ్గించి, మత్తుగా, అడిగితే కాదనేవాళ్లెవరన్న ధీమాతో మాట్లాడతాడు, అందుకే ఇంకా భయమేస్తుంది. సినిమా మొత్తంలో ఆ పాత్ర ఉండేది కొంతసేపే, అయినా జకార్తాలో జరిగిన ఆఫ్రో ఏషియన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఆ వేషానికే వచ్చింది.

ప్రశ్న: దర్శకత్వం కూడా చేశారా?

జవాబు: రెండు సినిమాలు, ‘చదరంగం’ (1967), ‘బాంధవ్యాలు’ (1968). రెండింటికీ నంది అవార్డులొచ్చాయి.

ప్రశ్న: ఆయనకి పద్మ అవార్డు ఎందుకు ఇవ్వలేదు?

జవాబు: ఇవ్వాల్సినవాళ్లని అడగాల్సిన ప్రశ్న ఇది. 2013లో వందేళ్ల భారతీయ సినిమా సందర్భంగా తపాలా బిళ్ల మాత్రం వేశారు, ఆయన పోయిన 39 ఏళ్లకి. 1974 జూలై 18న మద్రాసులో గుండెపోటుతో పోయారు. అప్పటికి 56 ఏళ్లే. ముందటేడే ‘తాత మనవడు’లో తాతగా చేశారు, అది దాసరి నారాయణరావు మొదటి సినిమా.

ప్రశ్న: తమిళంలోనూ అంతే పేరుందంటారు, నిజమా లేక మన గొప్పా?

జవాబు: నిజమే. ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ రెండు భాషల్లోనూ ఆయనే చేశారు. 1960లో వచ్చిన తమిళ ‘పడిక్కాద మేదై’లో శివాజీ గణేశన్ పక్కన ఇంటిపెద్ద ఆయనే, 1962లో దాన్ని తెలుగులో ‘ఆత్మబంధువు’గా తీస్తే శివాజీ స్థానంలోకి రామారావు గారొచ్చారు కానీ ఇంటిపెద్ద మాత్రం మారలేదు. శివాజీ అంటేనే నటనకి పెట్టింది పేరు, ఆయన ఎదురుగా నిలబడి తేలిపోకుండా ఉండటం చిన్న విషయమా!

ప్రశ్న: అందరూ చెప్పే పౌరాణికాలు కాకుండా ఒక్క సినిమా చెప్పండి.

జవాబు: ‘బంగారు పాప’ (1955). బీఎన్ రెడ్డి గారు తీశారు, కథకి మూలం జార్జ్ ఇలియట్ రాసిన ‘సైలస్ మార్నర్’ నవల. ఇందులో ఆయన కోటయ్య, మనుషుల మీద నమ్మకం పోయిన మొరటువాడు. దిక్కులేని ఒక పసిపాప చేతికి దొరికాక మెల్లమెల్లగా మారతాడు. కిరీటం లేదు, గద లేదు, కేకలు లేవు. ఓవర్ అన్న అబ్బాయికి ఇది కూడా చూపించండి.