షెడ్డులో పెంచితే గుడ్డు బలం తగ్గుతుందా?

ప్రశ్న: షెడ్డులో వరిపొట్టు పరిచి గ్రామప్రియ అనే మెరుగుపరచిన పెరటి రకం కోళ్లు 120 పెంచుతున్నాం. నూకలు, తవుడు, ఎండుచేపల పొడి మేత. పచ్చసొన పాలిపోయి ఉంటోందని, బయట తిరిగే కోళ్ల గుడ్లకే బలమని కొనేవాళ్లు అంటున్నారు. కోళ్లను బయటికి వదలమంటారా సార్?
– ఒక మహిళా రైతు, కోవూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: టెన్షన్ పడకండమ్మా. ఇనుప బోనుల్లో పెంచినా, షెడ్డులో నేల మీద పెంచినా, పెరట్లో తిప్పినా 50 గ్రాముల గుడ్డులో మాంసకృత్తులు సుమారు 6 గ్రాములే ఉంటాయి. కొలెస్ట్రాల్‌లోనూ చెప్పుకోదగ్గ తేడా రాదు. మారేవి విటమిన్లు ఎ, డి, ఇ, ఒమేగా-3 కొవ్వు, సొన రంగు. వీటిలో విటమిన్ డి ఒక్కటే ఎండతో పెరుగుతుంది. మిగతావన్నీ కోడి తిన్న మేతను బట్టే ఉంటాయి.

మీ దగ్గర సొన పాలిపోవడానికి షెడ్డు కారణం కాదు, నూకలు. మనది వరి ప్రాంతం కాబట్టి అందరూ అవే వేస్తారు. కానీ బియ్యంలో సొనకు రంగునిచ్చే పదార్థం లేదు, పసుపు మొక్కజొన్నలో ఉంది. నూకల్లో సగం తగ్గించి మొక్కజొన్న రవ్వ కలపండి. మునగాకో, అవిసె ఆకో, నీళ్లలో పెరిగే అజొల్లా మొక్కో రోజూ కొంచెం వేయండి. నూకలు, తవుడుతో మాంసకృత్తులు చాలవు, సోయా చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) కూడా ఉండాలి. పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల గుల్ల విడిగా ఒక తొట్టిలో పెట్టండి.

ఎండుచేపల పొడి మాత్రం బాగా తగ్గించండి. ఎక్కువైతే గుడ్డు నీచు వాసన వస్తుంది. గోధుమరంగు గుడ్లు పెట్టే కోళ్లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. పైగా అందులో ఉప్పు ఉంటుంది.

స్థలం ఉంటే కోళ్లను బయటికి వదలండి, మంచిదే. కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే అంటురోగం) టీకా వేయించాకే వదలాలి. ఎండాకాలంలో పది గంటలకల్లా లోపలికి తోలేయండి, మన ఎండకు మేత మానేసి గుడ్లు తగ్గించేస్తాయి. పురుగుమందు కొట్టిన మడి వైపు అసలు పోనివ్వకండి, ఆ మందు గుడ్డులోకి చేరే ప్రమాదం ఉంది. బయట తిరిగే కోళ్లు కనపడ్డచోటల్లా గుడ్లు పెడతాయి, అవి మట్టి, రెట్ట అంటుకుని త్వరగా చెడతాయి. అందుకే షెడ్డులో గడ్డి పరిచిన గూళ్లు పెట్టి, గుడ్లు రోజుకు రెండుసార్లు ఏరండి.

ఇంకో మాట. గ్రామప్రియ గుడ్లను నాటు గుడ్లని చెప్పి అమ్మకండి. ‘పెరటి గుడ్లు, తాజావి’ అంటే చాలు. కొత్త మేతను వారం రోజుల్లో కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఆ తర్వాత పది రోజులకు సొనకు మంచి రంగు వస్తుంది. అప్పుడు కొనేవాళ్ల ఎదుటే ఒక గుడ్డు పగలగొట్టి చూపించండి.