మురుగునీటి శుద్ధి ప్లాంటు నుంచి వచ్చే నీళ్లు క్లీన్‌గానే ఉన్నా చెరువులో చేపలు తెల్లారేసరికి తేలుతున్నాయా?

రాత్రిపూట ఆక్సిజన్ పడిపోవడమే అయ్యుంటుంది. ప్లాంటు నీళ్లలో బీవోడీ (మురికి కుళ్లడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపే వస్తున్నా, అమ్మోనియా, ఫాస్ఫేట్ అలాగే చెరువులోకి దిగుతుంటే నాచు బలుస్తుంది, పగలు ఆక్సిజన్ ఇచ్చిన ఆ నాచే రాత్రంతా దాన్ని లాగేసుకుంటుంది.

అందరూ తప్పేది శాంపిల్ టైం దగ్గరే. పొద్దున పదకొండింటికి తీరిగ్గా వెళ్లి తీస్తే డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) లీటరుకు 8 మిల్లీగ్రాములు కూడా చూపిస్తుంది, అంతా బాగుందని రాసుకుని వచ్చేస్తారు.

1. తెల్లవారుజామున 4:30 నుంచి 5:30 మధ్య, సూర్యుడు రాకముందే, డీవో మీటర్ చెరువులోనే ముంచి చూడండి. సీసాలో పట్టి ల్యాబ్‌కి మోసుకెళ్తే ఆ అంకె పనికిరాదు. కాలువ కలిసే చోట ఒకసారి, మధ్యలో ఒకసారి.

2. డీవో 3 కంటే తక్కువ వస్తే అనుమానం దాదాపు ఖాయమే. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మీటర్ కూడా అక్కర్లేదు.

3. అటు నుంచి అటే ప్లాంటుకి వెళ్లండి. ఏరేషన్ ట్యాంకులో (మురుగునీటికి గాలి పట్టించే తొట్టి) బుడగలు లేకపోతే కరెంటు బిల్లు కోసం రాత్రి బ్లోయర్ (గాలి ఊదే మెషిన్) ఆపేస్తూ ఉండొచ్చు (మా దగ్గర జరిగింది ఇదే). గాలి చాలకపోతే అమ్మోనియా నైట్రేట్‌గా మారదు.

4. ప్లాంటు నీళ్లు బయటికొచ్చే అవుట్‌లెట్‌లో అమ్మోనియా, ఫాస్ఫేట్ పరీక్ష విడిగా అడగండి, బీవోడీలో అవి తెలియవు.

ఈలోపు భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో తిప్పే ఏరేటర్ ఒకటి అద్దెకు తెచ్చి రాత్రిళ్లు నడపండి. సున్నం మాత్రం చల్లకండి, పీహెచ్ పెరిగితే అమ్మోనియా ఇంకా విషమవుతుంది.