పిల్లను హంట్‌కు పిలిచారు, కొరడా కొనమన్నారు: పంపాలా, వద్దా?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఆష్‌బర్న్, సౌత్ రైడింగ్, బ్రాంబుల్టన్ వైపు కొత్తగా వచ్చిన కుటుంబాల నుంచి ఈ మధ్య ఒకే రకం సందేహం వస్తోంది. అమ్మాయి గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. ఒకరోజు టీచరు, "మీ పిల్లకు స్వారీ బాగా పట్టుబడింది, ఈ చలికాలం మాతోపాటు హంట్‌కు పంపండి" అంటారు. హంట్ అంటే వేటకుక్కలు నక్కను తరుముతుంటే గుర్రాల మీద వాటి వెంట వెళ్లే ఆట, దాన్ని నడిపే సంఘాన్నీ అలాగే పిలుస్తారు. కొనవలసిన వస్తువుల జాబితా కూడా ఇస్తారు. అందులో పొడవాటి తోలు తాడున్న కొరడా ఒకటి ఉంటుంది. అది చదవగానే తల్లిదండ్రులకు గుండెలో రాయి పడుతుంది. ఆ కొరడా ఎవరిని కొట్టడానికి? కుక్కలనా, గుర్రాన్నా? నక్కను చంపే ఆటకు మన పిల్లను పంపాలా?

నేను ఈ లౌడన్ కౌంటీలో స్థిరపడి చాలా కాలమైంది. మా అమ్మాయి వెంట వెళ్తూ వెళ్తూ నేనూ స్వారీ నేర్చుకున్నాను, హంట్‌లో ఫీల్డు, అంటే గుర్రాల మీద వెంట సాగే సభ్యుల బృందం, దాని వెనక నడిచే గుంపులో ఇప్పటికీ ఉంటున్నాను. కాబట్టి తెలిసినంత వివరంగా చెబుతాను.

మొదట కొరడా. మన చెర్నాకోలలాగే దీనికీ కర్ర, దానికి అల్లిన తోలు తాడు, తాడు చివర దారపు కుచ్చు ఉంటాయి. కర్ర రెండో కొసన జింక కొమ్ముతో చేసిన వంకర పిడి ఉంటుంది. సాధారణ సభ్యులకు ఎక్కువగా పనికొచ్చేది ఆ పిడే. గుర్రం దిగకుండా గేటు గడియ తీయడానికి, గేటును దగ్గరకు లాగడానికి, అది మీద పడకుండా ఆపడానికి దాన్నే వాడతారు. తాడుకు ఇంకో పని ఉంది. హౌండ్లు, అంటే ఆ వేటకుక్కలు, మన గుర్రం పక్కనుంచి వెళ్తున్నప్పుడు తాడును ఆ వైపు కిందికి జారవిడుస్తాం. వేలాడుతున్న తాడును చూసి హౌండు కాస్త ఎడంగా జరుగుతుంది, గుర్రం కాళ్ల కిందకు రాదు. అంతే. దానితో హౌండును కొట్టకూడదు, అదిలించకూడదు. గాలిలో ఝళిపించి చప్పుడు చేయడం కూడా మన పని కాదు.

చప్పుడు చేసే అధికారం విప్పర్-ఇన్‌లది. హంట్స్‌మన్‌కు కుడి ఎడమల కాపు కాసే సహాయకులు వీరు. హంట్స్‌మన్ బూర ఊదుతూ, గొంతుతో పలకరిస్తూ హౌండ్ల గుంపును నడిపిస్తుంటే వీళ్లు దూరంగా, చాలాసార్లు ఒంటరిగా, గుంపు అంచుల్లో ఉంటారు. హౌండ్లు జింక వెంట పడబోయినా, కార్లు దూసుకుపోయే రోడ్డువైపు మళ్లినా ముందుకు వెళ్లి అడ్డుకునేది వీళ్లే. అప్పుడు కొరడా పేలుతుంది. ఆ శబ్దం దేన్నో కొట్టినందువల్ల వచ్చేది కాదు. తాడు కొస ధ్వని వేగాన్ని మించి కదిలినప్పుడు గాలిలో పుట్టే చిన్న పేలుడు అది. దూరంగా ఉన్న హౌండుకు 'అటు వద్దు' అని చెప్పే మాటగా దాన్ని వాడతారు. మంచి విప్పర్-ఇన్ రోజంతా దాన్ని రెండు మూడుసార్లకు మించి వినిపించడు. మిగతాదంతా పేరు పెట్టి పిలిచే పిలుపుతోనే సాధిస్తాడు. అరవై కుక్కలున్నా ఒక్కొక్కదాని పేరు, గొంతు, అలవాటు అతనికి తెలిసి ఉంటాయి. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా గౌరవం కలిగించేది ఇదే. ఇప్పుడు చాలాచోట్ల హౌండ్ల మెడపట్టీలకు జీపీఎస్ పరికరాలు కడుతున్నారు, కానీ రోడ్డు మీదికి పరుగెత్తే హౌండును వెనక్కి తిప్పేది ఆ మనిషీ ఆ గొంతూ మాత్రమే.

మీ అమ్మాయికి కొరడా కొంటే ముందు నేల మీద నిలబడి చేతిలో చక్కగా చుట్టి పట్టుకోవడం, జారవిడవడం, మళ్లీ చుట్టుకోవడం నేర్పించండి. తరువాత నిలబెట్టిన గుర్రం మీద, ఆ తరువాత నడుస్తున్న గుర్రం మీద. కొన్ని గుర్రాలు పక్కన వేలాడే తాడును చూస్తే బెదురుతాయి. ఆ సంగతి హంట్ ఉదయాన నలభై గుర్రాల మధ్య తెలిస్తే ప్రమాదం. తాడు లేకుండా ఉత్త కర్ర పట్టుకెళ్లడం సంప్రదాయం ప్రకారం తప్పు. అలవాటు కాని పిల్లలకు మామూలు పొట్టి స్వారీ కర్ర చాలని చెప్పే హంటులూ ఉన్నాయి, టీచరును అడిగి తెలుసుకోండి.

ఇక మర్యాదలు. కొత్తవాళ్లకు ఇవి అంతుపట్టని ఆచారాల్లా కనిపిస్తాయి. నిజానికి వీటిలో దాదాపు ప్రతిదీ రెండు విషయాల కోసం పుట్టింది. హౌండుకు దెబ్బ తగలకూడదు, తన పొలంలోకి రానిచ్చిన రైతుకు నష్టం కలగకూడదు. ఈ రెండూ మనసులో ఉంచుకుంటే ఎవరూ చెప్పని సందర్భంలో కూడా సరైన పని తోస్తుంది.

హౌండ్లు వస్తుంటే ఎవరో ఒకరు "హౌండ్స్ ప్లీజ్" అని కేక వేస్తారు. వెంటనే దారి పక్కకు జరిగి గుర్రం ముఖాన్ని హౌండ్ల వైపు తిప్పాలి. తోక అటువైపు ఉంటే గుర్రం తన్నే వీలుంటుంది. గుర్రం తన్నిన దెబ్బకు హౌండు ప్రాణం పోవచ్చు. ఈ రంగంలో అంతకన్నా పెద్ద అపరాధం లేదు. తన్నే అలవాటున్న గుర్రం తోకకు ఎర్ర రిబ్బను, అనుభవం లేని గుర్రానికి ఆకుపచ్చ రిబ్బను కట్టడం అందుకే. అయితే రిబ్బను కట్టినంత మాత్రాన బాధ్యత తీరిపోదు, అలాంటి గుర్రంతో వెనకే ఉండాలి. "స్టాఫ్ ప్లీజ్" అని వినిపిస్తే హంట్స్‌మనో విప్పర్-ఇన్నో వెళ్తున్నారని అర్థం, వాళ్లకూ ఇదే విధంగా దారి ఇవ్వాలి. విప్పర్-ఇన్ ఎక్కడికో ఒంటరిగా దూసుకుపోతుంటే ఉత్సాహపడి వెంట వెళ్లకూడదు. ఫీల్డు మాస్టర్ అని ఒకరుంటారు, సభ్యులంతా వారి వెనకే ఉండాలి, ఎంత మంచి గుర్రమైనా వారిని దాటకూడదు. హౌండ్లు వాసన తప్పి వెతుకుతున్నప్పుడు మాటలు ఆపేయాలి. మన గుంపుల్లో నిశ్శబ్దం కాస్త కష్టమే, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. మన కబుర్లు వినపడితే హౌండ్లు పని మీదనుంచి తల ఎత్తుతాయి, అప్పటిదాకా హంట్స్‌మన్ పడ్డ శ్రమ వృథా అవుతుంది.

మరో సంగతి, వాటిని డాగ్స్ అనకండి. హౌండ్స్ అనాలి. లెక్క కూడా జంటల్లోనే చెబుతారు. ముప్పై అయిదు ఉంటే పదిహేడున్నర జంటలు అంటారు.

రైతు విషయానికి వస్తే, గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. మూసిన గేటును ఆఖరున వచ్చినవారు మూయాలి. "గేట్ ప్లీజ్" అనే మాటను ముందునుంచి వెనక్కి అందించుకుంటూ రావాలి. ఎవరైనా దిగి గేటు మూస్తుంటే వాళ్లు మళ్లీ గుర్రమెక్కేదాకా తోటివాళ్లు ఆగాలి. తోటి గుర్రాలు దూరమైపోతుంటే ఆ గుర్రం నిలవదు, ఎక్కనివ్వదు. గోధుమ మొలిచిన చేలో అడ్డంగా వెళ్లకుండా గట్టు వెంబడి వరసగా నడవాలి. పశువులు కనిపిస్తే నడకకు తగ్గాలి. కంచె విరిగితే దాచకుండా ఫీల్డు మాస్టరుకు చెప్పాలి, ఖర్చు పెట్టుకోవాలి. పొలం యజమాని కనిపిస్తే పలకరించి కృతజ్ఞత చెప్పకుండా దాటిపోకూడదు. వందల ఎకరాలు తమవి కాని భూముల్లో ఈ ఆట సాగుతోందంటే ఆ మర్యాద వల్లనే.

మీట్, అంటే హంట్‌కు బయలుదేరే ముందు అందరూ చేరే చోటు, దగ్గర పలకరింపులు సులువే. చేరగానే హంట్‌కు పెద్ద అయిన మాస్టర్ దగ్గరకు వెళ్లి "గుడ్ మార్నింగ్, మాస్టర్" అనాలి. పేరు పెట్టి పిలిచే చనువు మిగతా రోజుల్లో ఉన్నా హంట్ రోజున మాస్టర్ అనే అనాలి. వెళ్లిపోయేటప్పుడు మధ్యాహ్నం పన్నెండైనా "గుడ్ నైట్, మాస్టర్" అంటారు. చెప్పకుండా వెళ్లిపోతే మీరు ఎక్కడో పడిపోయారని వెతుకుతారు. అతిథిగా వెళ్లినవారు క్యాప్ అనే రుసుమును కార్యదర్శికి ముందే చెల్లించాలి, పూచీ పత్రం మీద సంతకం చేయాలి. మీట్ జరిగే స్థలం యజమాని ఇంటివారు గుర్రం మీద ఉన్నవారికి చిన్న గ్లాసుల్లో పానీయం అందిస్తారు. తాగని వాళ్లు నవ్వి వద్దంటే చాలు, కారణం చెప్పనక్కరలేదు. అయ్యాక జరిగే విందును సాయంత్రమైనా బ్రేక్‌ఫాస్ట్ అనే అంటారు. తలా ఒక వంటకం తెచ్చే పద్ధతి ఉన్నచోట పులిహోర తీసుకెళ్లండి, గిన్నె ఖాళీగా తిరిగి వస్తుంది.

దుస్తుల మీద తొందరపడి డబ్బు పెట్టకండి. సెప్టెంబరు, అక్టోబరులలో కుర్ర హౌండ్లకు పని నేర్పే ఉదయాలు ఉంటాయి, వాటికి ట్వీడు కోటు చాలు. నవంబరులో ప్రారంభపు మీట్ జరిగాక మార్చి దాకా లాంఛనమైన దుస్తులు, అంటే నల్లకోటు, లేత రంగు స్వారీ పాంటు, మెడకు తెల్లని స్టాక్ కట్టు. ఆ కట్టు గాయమైతే కట్టు కట్టడానికీ పనికొస్తుంది. పిల్లలు సీజనంతా ట్వీడుతో వెళ్లవచ్చు. ఎర్రకోటు మాత్రం కొనకండి. అది హంట్ సిబ్బందిది, మాస్టర్ అనుమతించిన సభ్యులది. హంట్ గుర్తున్న బొత్తాలు కూడా మాస్టర్ ఇస్తేనే కుట్టించుకుంటారు, ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లకు దక్కే గౌరవం అది. హెల్మెట్ ఒక్కదానికి మాత్రం ఖర్చుకు వెనకాడవద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్న, నక్క సంగతి. దీన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. ఇంగ్లండులో 2004 నాటి చట్టం వల్ల కుక్కలతో నక్కలను వేటాడడం 2005 ఫిబ్రవరి నుంచి నేరం. వర్జీనియాలో నిషేధం లేదు. ఇక్కడివారు తరమడాన్నే ముఖ్యంగా చూస్తారు. నక్క బొరియలో దూరితే హంట్స్‌మన్ బూర ఊది, హౌండ్లను మెచ్చుకుని, వేరేచోటికి తీసుకువెళ్తాడు. చాలా రోజులు అలాగే ముగుస్తాయి. అయినా కొన్నిసార్లు నక్క దొరుకుతుంది, చనిపోతుంది. కొన్ని హంటులు కొయొటీలను, అంటే తోడేలును పోలిన చిన్న అడవి జంతువులను, కూడా తరుముతాయి. మీ మనసు దీనికి ఒప్పుకోకపోతే పంపకండి. ఆ మాట టీచరుకు నేరుగా చెప్పండి, ఎవరూ నొచ్చుకోరు. మనిషి ముందే వేసిన వాసన జాడ వెంట హౌండ్లు పరుగెత్తే డ్రాగ్ హంటులు అమెరికాలోనూ ఉన్నాయి. అందులో జంతువు ఉండదు, మర్యాదలన్నీ ఇవే. నేను మటుకు పొలాల్లో హౌండ్ల పని చూడడానికి వెళ్తాను. ముక్కుతో నేలను చదివే ఆ తెలివి చూస్తే నాకు కలిగే ఆనందం ఇంకెక్కడా దొరకలేదు. కానీ నా ఇష్టం మీకు సాక్ష్యం కాకూడదు, ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని మీరే తేల్చుకోండి. పిల్లకు కూడా నిజం చెప్పి అడగండి.

గుర్రమెక్కకుండా చూడాలనుకునేవారికి దారులున్నాయి. డిసెంబరు మొదటి శనివారం మిడిల్‌బర్గ్ ఊళ్లో క్రిస్మస్ ఊరేగింపుకు ముందు హంట్ సభ్యులు హౌండ్లతో ప్రధాన వీధిలో సాగుతారు. మనవాళ్లు చాలామంది పిల్లలతో వెళ్తుంటారు. హౌండ్లను ముట్టుకోవాలంటే సిబ్బందిని అడిగాకే. గుర్రం వెనకనుంచి వెళ్లకూడదు, గొడుగు హఠాత్తుగా తెరవకూడదు, డ్రోను ఎగరేయకూడదు. మే నెలాఖరున లీస్‌బర్గ్‌లోని మోర్వెన్ పార్కులో ఫాక్స్‌హౌండ్ల ప్రదర్శన జరుగుతుంది. 1918 నుంచి 1922 దాకా వర్జీనియా గవర్నరుగా ఉన్న వెస్ట్‌మోర్లండ్ డేవిస్ ఎస్టేటు అది. ఆ భవనంలోనే హౌండ్లు, వేటలకు సంబంధించిన మ్యూజియం ఉంది.

ఈ ప్రాంతపు పెద్దలతో మాట కలపాలంటే కొంచెం చరిత్ర పనికొస్తుంది. పీడ్‌మాంట్ హంటును 1840లో రిచర్డ్ డూలనీ స్థాపించారు. జార్జ్ వాషింగ్టన్ మౌంట్ వెర్నన్‌లో సొంత హౌండ్లను పెంచారు, 1785లో ఫ్రెంచి సేనాని లఫయెట్ ఆయనకు ఫ్రాన్సు నుంచి హౌండ్లను పంపారు. 1905 నవంబరులో ఇంగ్లీషు హౌండ్లు గొప్పవా అమెరికా హౌండ్లు గొప్పవా అని మిడిల్‌బర్గ్ పరిసరాల్లోనే పెద్ద పందెం జరిగింది, అమెరికా హౌండ్లను నడిపిన హ్యారీ వూస్టర్ స్మిత్ గెలిచారు. 1966లో ఈ రాష్ట్రం అమెరికన్ ఫాక్స్‌హౌండును తన అధికారిక కుక్కగా ప్రకటించింది.

చివరిగా, ఆల్డీ దాటి పడమటివైపు ఎకరాల్లో ఇల్లు కొంటున్నవారికి. వర్జీనియా చట్టం ప్రకారం వేరే భూమిలో మొదలైన నక్కవేటలో హౌండ్ల వెంట వేటగాళ్లు మీ భూమిలోకి రావచ్చు. ఉదయాన్నే పెరట్లో హౌండ్లు కనిపిస్తే భయపడి పోలీసులకు ఫోను చేయనక్కరలేదు, వాటిని తరమవద్దు, తిండి పెట్టవద్దు, తలుపు తీసి మీ కుక్కను వదలవద్దు. కాసేపట్లో విప్పర్-ఇన్ వచ్చి పిలుచుకుపోతాడు. మీ ప్రాంతంలో ఏ హంటు తిరుగుతుందో ఇరుగుపొరుగును అడిగి, వాళ్ల కార్యదర్శికి మీ ఇంటి చిరునామా, ఫోను నంబరు ఇవ్వండి. పశువులున్నా, కొత్తగా తీగ కంచె వేసినా, అసలు రావడమే ఇష్టం లేకపోయినా ఆ మాట చెప్పండి, చాలా హంటులు యజమాని కోరికను మన్నిస్తాయి. రూట్ 50 మీద గాని చిన్న మట్టి రోడ్ల మీద గాని గుర్రాలు కనిపిస్తే హారన్ కొట్టకండి. వేగం బాగా తగ్గించి, స్వారీదారు చేయి ఊపాకే దాటండి. ఒక హౌండు రోడ్డు దాటితే వెనక ఇంకా ఉంటాయి, ఆగే ఉండండి.