అరవై దాటాక హాజరు పట్టీ

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే నాలుగు ఒకే సంగతి మీద ఉన్నాయి. రిటైరైనవాళ్ళ చదువు. నాకు బాగా ఇష్టమైన విషయం కాబట్టి మిగిలిన ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి, ఈ నాలుగింటికే జవాబులు రాస్తున్నాను. నేను ముప్పై రెండేళ్ళు కోనసీమలో డిగ్రీ పిల్లలకి హిస్టరీ చెప్పాను. రిటైరయ్యాక అరవై మూడో ఏట దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. కట్టి పూర్తి చేశాను. ఇప్పుడు శనివారాలు ఇరవై మందిమి ఒక కాలేజీ గదిలో కూర్చుని చదువుకుంటున్నాం.

ప్రశ్న: టీచర్ గారూ, నేను హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. పోయిన ఏడాది అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళి ఐదు నెలలు ఉన్నాను. మా కోడలు ఒకరోజు అక్కడి యూనివర్సిటీలో యాభై దాటినవాళ్ళకి పెట్టే క్లాసుకి తీసుకెళ్ళింది. నక్షత్రాల గురించి చెప్పారు. నా పక్కన కూర్చున్నావిడకి ఎనభై ఒకటట, గబగబా నోట్సు రాసుకుంటోంది. తిరిగొచ్చాక నాకు పొద్దు గడవడం లేదు. మన దగ్గర అలాంటివి ఉంటాయా? — పాలకొల్లు

జవాబు: మీ ఉత్తరంలో ఆ ఎనభై ఒకటేళ్ళ ఆవిడ నోట్సు రాసుకుంటున్న మాట దగ్గర ఆగిపోయి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివానండీ. పరీక్ష లేదు, పట్టా రాదు. ఐనా రాసుకుంటోంది.

మీరు చూసినలాంటి ఏర్పాట్లకి అక్కడ అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. 1962లో న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ అనే విద్యాసంస్థలో, ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళ కోసం ఇలాంటిది మొదలుపెట్టారు. ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ చోట్ల కనిపించేవి ఆషర్ కేంద్రాలు. బెర్నార్డ్ ఆషర్ అనే వ్యాపారి పెట్టిన ఫౌండేషన్ డబ్బిచ్చింది. 2001లో సదరన్ మెయిన్ యూనివర్సిటీతో మొదలై, ఇవాళ 120కి పైగా కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఉన్నాయి. యాభై దాటినవాళ్ళు రావచ్చు. మార్కుల గోల లేదు. ఫ్రాన్స్‌లో అయితే 1973లోనే తులూజ్ నగరంలో పియర్ వెల్లాస్ అనే ప్రొఫెసర్ ‘మూడో వయసు విశ్వవిద్యాలయం’ పెట్టాడు. చదువుకునే వయసు ఒకటి, సంపాదించే వయసు ఒకటి, ఆ రెండూ అయ్యాక వచ్చేది మూడోది అని లెక్క. ఈ ఆలోచన 1980ల మొదట్లో బ్రిటన్ చేరేసరికి ఇంకో మలుపు తిరిగింది. అక్కడ యూనివర్సిటీ మీద ఆధారపడకుండా, సభ్యులే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునే పద్ధతి పెట్టుకున్నారు. ఇవాళ పాఠం చెప్పినాయన రేపు ఇంకొకరి పాఠానికి వచ్చి వెనక కూర్చుంటాడు. మన ఊళ్ళకి సరిగ్గా సరిపోయేది ఇదేనని నా నమ్మకం.

మన దగ్గర సంగతి చెబుతాను. మన డిగ్రీ కాలేజీలకి ఆదికవి నన్నయ పేరుతో సొంత యూనివర్సిటీ వచ్చింది 2006లో. నా పట్టా, బహుశా మీదీ, ఆంధ్రా యూనివర్సిటీదే. రిటైరైనవాళ్ళకి విడిగా క్లాసులు పెట్టడం మన కాలేజీల్లో ఇంకా ఆనవాయితీ కాలేదు. అలాగని తలుపులు మూసి లేవు. దూరవిద్య కోసం పెట్టిన కేంద్ర యూనివర్సిటీ ఇగ్నో 1985 నుంచి ఉంది. అక్కడ చాలా కోర్సులకి గరిష్ట వయసు అన్న మాటే లేదు. ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సులూ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన స్వయం అనే వేదికలో యూనివర్సిటీ ప్రొఫెసర్ల పాఠాలు ఫోన్లోనే వినొచ్చు. వినడానికి పైసా కట్టక్కర్లేదు. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. చాలా పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి, హెడ్మిస్ట్రెస్ చేసిన మీకు అదేమంత కష్టం కాదు.

ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి. పొద్దు గడవడం కోసం అని చేరకండి. ‘ఏదో కాలక్షేపం’ అని చేరినవాళ్ళు మూడో వారానికి మానేయడం మా శనివారాల్లో చూశాను. ఆ మాటకి అసలు అర్థం అది కాదు. వైష్ణవ సంప్రదాయంలో గ్రంథ కాలక్షేపం అంటే గురువు దగ్గర కూర్చుని ఒక గ్రంథాన్ని వరసగా పాఠం వినడం. హరికథా కాలక్షేపం అన్నప్పుడూ ఆ గౌరవం ఉంది. మనమే దాన్ని పేకముక్కల స్థాయికి దించేశాం. మీకు నిజంగా కావలసిన సబ్జెక్టు ఏదో ఒక్కటి పట్టుకోండి. నక్షత్రాలే అయితే నక్షత్రాలే. మీ వీధిలో మరో నలుగురిని పిలిచి మీ డాబా మీదే మొదలుపెట్టండి. పుస్తకాలు పడవెక్కి కాలవ గట్టు ఊళ్ళకి వెళ్ళిన డెల్టాలండీ మనవి. 1935లో కృష్ణా కాలవ మీద పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా పడవలో గ్రంథాలయం నడిచింది. డాబా మీద క్లాసు నడవదా?

ప్రశ్న: మా వారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఎంతో ముచ్చటపడి దూరవిద్యలో ఎం.ఏ. కట్టారు. పరీక్షలు నెల ఉన్నాయనగా టెన్షన్ మొదలైంది. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటున్నారు. బీపీ పెరిగింది. మానేయండి అంటే నా మీద కోప్పడుతున్నారు. ఏం చెయ్యమంటారు? — అమలాపురం

జవాబు: ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమ్మా. మిగతాదంతా తర్వాత.

మానేయమని మాత్రం అనకు. ఆ మాట బయట ఎలాగూ వింటాడు. నేను ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు ఒక ఆఫీసులో గుమస్తా నా ఫారం చూసి, పక్కనున్న అమ్మాయి వినేలా, ‘ఈ వయసులో మీకెందుకండీ, మనవల్ని చూసుకోక’ అన్నాడు. ముప్పై రెండేళ్ళు పాఠం చెప్పినదాన్ని, నోట మాట రాలేదు. ఇంటికొచ్చి ఫారం బీరువాలో పెట్టేశాను. గడువు మర్నాటితో అయిపోతుందనగా మా ఆయనే దాన్ని తీసి, ‘పద, నేనూ వస్తాను’ అన్నారు. ఆ పూట ఆయన రాకపోతే నేను చదివి ఉండేదాన్ని కాదు.

ఆయన భయం జ్ఞాపకశక్తి గురించి అనుకుంటున్నావేమో. సగం చేతి గురించే అయ్యుంటుంది. ఏళ్ళ తరబడి సంతకాలు తప్ప ఏమీ రాయని చెయ్యి మూడు గంటలు ఏకధాటిగా రాయలేదు. నా మొదటి పేపరు రోజున గంటన్నరకే బొటనవేలి మొదలు వాచి, కలం జారిపోతుంటే చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఇరికించి రాశాను. చివరి ప్రశ్నకి జవాబు తెలుసు, రాయలేకపోయాను. ఆ తర్వాత రోజూ పొద్దున్నే కాఫీ తాగాక గడియారం పెట్టుకుని రెండు పేజీలు చూచిరాత రాశాను. నెల తిరిగేసరికి చెయ్యి దారికొచ్చింది. మీ వారి చేత కూడా ఇవాళ్టి నుంచి రాయించు, ఎదురుగా కూర్చుని.

అన్ని పేపర్లూ ఇప్పుడే రాయాలని లేదు. ఇగ్నోలో రెండేళ్ళ ఎం.ఏ.కి నాలుగేళ్ళ దాకా గడువిస్తారు. ఆయన చదివే చోట నిబంధన ఏమిటో కనుక్కుని, రెండు పేపర్లు ఈసారి, మిగిలినవి తర్వాత అని ఆయన చేతే అనిపించు. నిద్ర దానంతటదే వస్తుంది.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ కాలేజీలో లెక్చరర్ని. మా కాలేజీలో రిటైరైనవాళ్ళకి వారానికోసారి క్లాసులు పెడదామని మా ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. ఏ సబ్జెక్టులతో మొదలుపెట్టమంటారు? — తణుకు

జవాబు: సబ్జెక్టు సంగతి తర్వాత బాబూ, ముందు గది చూడు. కింది అంతస్తులో ఉండాలి. బాత్రూమ్ దగ్గరగా ఉండాలి, అందులో గొళ్ళెం సరిగ్గా పడాలి. వీపు ఆనించుకునే కుర్చీలు వెయ్యి, బెంచీలు వద్దు. మైకు పెట్టు. చిన్న గదికి మైకెందుకని మేమూ అనుకున్నాం. మా దగ్గరికి వచ్చే ఒకాయన నాలుగు వారాలు మాట్లాడకుండా నవ్వుతూ కూర్చునేవాడు. ఐదో వారం ఎవరో మైకు తెస్తే, ఆ రోజు ఆయన పదకొండు ప్రశ్నలు అడిగాడు. లెక్కపెట్టాను. నెల రోజులపాటు ఆయనకి ఒక్క ముక్క వినపడలేదు, చెప్పడానికి మొహమాటపడ్డాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

టైము పొద్దున పదిన్నర నుంచి పన్నెండు. పన్నెండు దాటితే షుగరున్నవాళ్ళకి కష్టం. ఆర్టీసీలో అరవై దాటినవాళ్ళకి టికెట్టు మీద 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోమని చెప్పు. ఆగస్టులో వరదల వేళ, సంక్రాంతికి పిల్లలొచ్చే పది రోజులు, నాట్లప్పుడూ కోతలప్పుడూ క్లాసులు పెట్టకు. నీ దగ్గరికొచ్చే రిటైర్డ్ మేష్టార్లలో సగం మంది ఆ రోజుల్లో చేల గట్ల మీద ఉంటారు.

ఇక సబ్జెక్టులు. ఆరోగ్యం, ఆధ్యాత్మికం, సెల్‌ఫోను వాడకం, ఈ మూడింటితో సరిపెట్టేయడం చూస్తుంటాను. అవీ ఉండాలి. ఫోన్లో డబ్బు మోసాల గురించి ఒక క్లాసు తప్పకుండా పెట్టు. కానీ ముసలివాళ్ళకి ఇంతే కావాలని మనం నిర్ణయించేయడం తప్పు. మొదటి రోజు తలా ఒక కాగితం ఇచ్చి ‘చిన్నప్పటి నుంచి తెలుసుకోవాలని ఉండి, తెలుసుకోలేకపోయింది ఏది?’ అని అడుగు. మా దగ్గర ఒక రిటైర్డ్ నర్సు ‘లెక్కల్లో కాలిక్యులస్’ అని రాసింది. మా కాలేజీ కుర్రాడొకడు ఆవిడకి నేర్పుతున్నాడు, బల్ల మీద కొబ్బరిచిప్ప పెట్టి దాని వంపుని చూపిస్తూ.

ప్రశ్న: అమ్మమ్మగారూ, మా తాతయ్య కాలవ మీద నీళ్ళూ తూములూ చూసుకునే లస్కరుగా చేసి రిటైరయ్యాడు. ఏడో తరగతి చదివాడు. మీ శనివారం క్లాసు గురించి విని నేను రమ్మంటే, ‘ఆళ్ళందరూ పెద్ద పెద్ద చదువులోళ్ళమ్మా, నాకేం పని’ అంటున్నాడు. మనసులో రావాలనే ఉంది. క్లాసులో ఏం చెప్పారని నన్ను రెండుసార్లు అడిగాడు. ఎలా తీసుకురావాలి? — ముక్తేశ్వరం

జవాబు: బంగారు తల్లీ, మీ తాతయ్య లాంటివాళ్ళ కోసమే నేను మూడేళ్ళుగా ఎదురు చూస్తున్నాను.

మా క్లాసులో ఏం జరిగిందో చెబుతాను, ఆయనకి చదివి వినిపించు. కిందటి వర్షాకాలం నేను ధవళేశ్వరం ఆనకట్ట చరిత్ర చెప్పాను. కాటన్ దొర 1847లో పని మొదలుపెట్టడం, 1852కి పూర్తికావడం, తర్వాత పాతదాని చోట కట్టిన బ్యారేజీ 1982లో పూర్తవడం, దానికి 175 గేట్లు ఉండడం, అన్నీ చెప్పాను. వెనక నుంచి ఒకావిడ లేచి, ‘వరదొచ్చినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75 అని టీవీలో చెబుతారు కదండీ, ఆ అడుగులు ఎక్కడి నుంచి కొలుస్తారు? రాత్రిపూట ఎవరు చూస్తారు?’ అని అడిగింది. మొదటి హెచ్చరిక అంటే పది లక్షల క్యూసెక్కులు, మూడోదంటే పదిహేడు లక్షలు అని పుస్తకంలో ఉన్నది చెప్పగలిగాను. అర్ధరాత్రి వానలో లాంతరు పట్టుకుని, నీటిమట్టం చూపే గేజీ దగ్గరికి దిగి అంకె చదివే మనిషి సంగతి నాకేం తెలుసు? ముప్పై రెండేళ్ళు చరిత్ర చెప్పినదాన్ని, ఆ మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ రోజు క్లాసులో ఇంజనీరుగా చేసినాయన కూడా ఉన్నాడు. ఆయనే అన్నాడు, ‘మాకు ఆ అంకె కాగితం మీదే వచ్చేదండీ, లస్కరు చెబితే రాసుకునేవాళ్ళం’ అని.

మీ తాతయ్యకి ఆ గేజీ తెలుసు. కాలవలు కట్టేసిన వేసవిలో పూడిక ఎంత తీయాలో, జూన్‌లో నీళ్ళు వదిలినప్పుడు చివరి చేలదాకా పారడానికి ఎన్నాళ్ళు పడుతుందో, ఏ తూము దగ్గర రైతులు కొట్టుకుంటారో తెలుసు. 1986 ఆగస్టు వరదకి ఆయన డ్యూటీలో ఉండి ఉంటే ఆ రాత్రి సంగతి కూడా తెలుసు. మాలో ఎవరికీ తెలియనివివి. పాఠం వినడానికి రావడం ఎంత ముఖ్యమో, ఇది చెప్పడానికి రావడమూ అంతే ముఖ్యం. నేను పైన పాలకొల్లు ఆవిడకి రాసిన బ్రిటన్ పద్ధతిలో చేరడానికి ఏ చదువూ అడగరని కూడా ఆయనకి చెప్పు.

ఆయన్ని ఉపన్యాసం ఇమ్మనకు, హడలిపోతాడు. మొదటి వారం ఊరికే వచ్చి వినమను. నువ్వూ పక్కన కూర్చో. రెండో వారం నేను బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి అడుగుల గుర్తులు పెట్టి, ‘నీళ్ళు ఇక్కడిదాకా వస్తే ఏం చేసేవారండీ?’ అని అడుగుతాను. సుద్దముక్క ఆయన చేతికిస్తాను. రిజిస్టర్లో రోజూ ఎలా రాసేవాడో ఒక్క వరస మా కోసం రాసి చూపిస్తే చాలు, తారీఖు, గంట, గేజీ.

హాజరు పట్టీలో పేర్లు రాసేది నేనే. ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక కాగితం మీద రాసి పంపు. పద్నాలుగో తారీఖు శనివారం, పదిన్నరకి.