తిరుగు పడవ ఖాయమయ్యాకే టెంటు కొనండి

మీరు అడిగింది ఇదీ: చెన్నైలో ఉంటున్న నలుగురు ఫ్రెండ్స్, సంక్రాంతి సెలవులకు ఒకటి రెండు లీవులు కలిపి నాలుగు రోజుల్లో ఎవరూ ఉండని దీవికి పడవలో వెళ్లి, రెండు రాత్రులు టెంటులో పడుకుని రావాలి. ఏ దీవికి వెళ్లాలి, ఏ టెంటు కొనాలి?

టెంటు సంగతి చివర్లో చెప్తాను, అదంత ముఖ్యం కాదు. నేనుండేదీ చెన్నైలోనే, వేళచ్చేరిలో. రెండేళ్ల కిందట జనవరిలో నేనూ, మా బావమరిదీ, ఆఫీసు వాళ్లిద్దరూ కలిసి అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్‌కి వెళ్లొచ్చాం. ట్రిప్పు బాగా జరిగింది, తిరుగు ప్రయాణం తప్ప.

ముందు ఆ "ఎవరూ ఉండని దీవి" ఆలోచన మానుకోండి. అండమాన్, నికోబార్‌లో వందల దీవులున్నా మనుషులు ఉండేవి నలభై లోపే. మిగతావి ఖాళీగా ఉన్నాయి కదా అని ఎక్కడ పడితే అక్కడ దిగనివ్వరు. చాలావరకు రిజర్వ్ అడవులు, ఆదివాసీల రిజర్వులు, నేషనల్ పార్కులే. బయటివాళ్లని రానివ్వని ఆదివాసీలుండే నార్త్ సెంటినెల్ దీవి దగ్గరైతే ఐదు నాటికల్ మైళ్ల లోపలికి వెళ్లడమే నేరం. మీకు కావలసింది ఊరున్న దీవిలో ఊరికి దూరంగా ఉన్న బీచ్. లాంగ్ ఐలాండ్‌లో లాలాజీ బే అలాంటిదే. ఊళ్లో జెట్టీ, రెండు మూడు కొట్లు, గెస్ట్‌హౌస్ ఉన్నాయి. అక్కడి నుంచి బీచ్‌కి డుంగీలో వెళ్లొచ్చు. డుంగీ అంటే ఇంజిన్ బిగించిన చిన్న చెక్క పడవ. అడవి దారిన నడిచినా వెళ్లొచ్చు, మాకు రెండు గంటలకు కాస్త తక్కువ పట్టింది. రాత్రి ఉండాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే. ఇక్కడి నుంచే మాట్లాడుకుని, కాగితం చేతికొచ్చాకే మిగతావి బుక్ చేసుకోండి.

నాలుగు రోజులు చాలవు, కనీసం ఏడు పెట్టుకోండి. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి (2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు) విమానంలో రెండు గంటల పైచిలుకు. ఓడలో అయితే మూడు రోజుల దాకా పడుతుంది, మీ సెలవుకి కుదరదు. మేం అక్కడి నుంచి రోడ్డు మీద మిడిల్ అండమాన్‌లోని రంగత్ ఊరి దాకా వెళ్లాం. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర నుంచి జరావా ఆదివాసీల రిజర్వ్ గుండా బళ్లన్నీ కాన్వాయ్‌గానే పోవాలి. దారిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. టైముకి అందకపోతే తర్వాతి కాన్వాయ్ దాకా కూర్చోవడమే. రంగత్ దగ్గర యెరాటా జెట్టీలో లాంగ్ ఐలాండ్ ఫెర్రీ ఎక్కాం.

ఇప్పుడు అసలు సంగతి. మేం వెళ్లడం గురించి నెల రోజులు ప్లాన్ చేశాం, రావడం గురించి అయిదు నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు. మా డుంగీ అన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ల అబ్బాయి. అండమాన్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు, పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వెళ్తే చేపల మార్కెట్లో తెలుగే వినపడుతుంది. దింపేటప్పుడే ఆయన చెప్పాడు, "ఎల్లుండి ఏడుకల్లా సర్దీసుకోండి బాబూ. పాటు తీసేత్తే పడవ లోపలికి రాదు." పాటు అంటే నీళ్లు వెనక్కి తగ్గడం, పోటుకి ఎదురు. మేం తలూపాం. ఆ రోజు టీ కాచుకుని, ఫొటోలు దిగి, టెంటు మడతపెట్టేసరికి ఎనిమిదిన్నర.

తలెత్తి చూస్తే నిన్న ఈత కొట్టిన చోట గోధుమరంగు రాళ్లు తేలి ఉన్నాయి. అన్న వచ్చి ఉన్నాడు కానీ పడవ రెండు వందల మీటర్ల అవతల నిలబడింది. చచ్చిన పగడపు దిబ్బ మీద, మోకాళ్ల లోతు నీళ్లలో, నెత్తిన బ్యాగులు పెట్టుకుని నడిచాం. అడుగేస్తే కొన్నిచోట్ల పటపటా విరిగేది, కొన్నిచోట్ల బ్లేడులా తగిలేది. మా బావమరిది రబ్బరు చెప్పు ఊడిపోయి అరికాలు రెండు అంగుళాలు కోసుకుంది. పడవెక్కి కట్టు కట్టి జెట్టీ చేరేసరికి ఫెర్రీ వెళ్లిపోయింది. మర్నాడు గాలి ఎక్కువై ఫెర్రీ రద్దు. ఆ సాయంత్రం విమానం మేం లేకుండానే చెన్నై చేరింది. తప్పు పూర్తిగా మాదే.

అందుకని మీరు వెనక నుంచి లెక్క వేసుకోండి. విమానానికి ముందు రెండు రోజులు ఖాళీగా వదిలేయండి. అవి మిగిలితే హాయిగా పోర్ట్‌బ్లెయిర్‌లో తిరగొచ్చు. తేదీలు పెట్టుకునేటప్పుడు ఇంట్లో గోడ మీది తెలుగు క్యాలెండరు చూడండి. అమావాస్య, పున్నమి చుట్టూ పోటూ పాటూ రెండూ ఎక్కువ. అష్టమి ప్రాంతంలో తేడా తక్కువ, పడవ ఎక్కడం దిగడం తేలిక. అడుగు మందంగా ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులొద్దు.

చీకటి సంగతి కూడా ఎవరూ చెప్పరు. గడియారం మనదే, సూర్యుడు మాత్రం చెన్నై కన్నా ముప్పావు గంట పైనే ముందు దిగిపోతాడు. జనవరిలో అయిదుంపావుకి సూర్యాస్తమయం. మూడున్నరకల్లా టెంటు పని అయిపోవాలి.

నీళ్లు మనిషికి రోజుకి నాలుగైదు లీటర్ల లెక్కన ఊళ్లోనే నింపుకోండి. 2019 వేసవిలో చెన్నైలో ట్యాంకరు కోసం బిందెలతో నిలబడ్డవాణ్ణి కాబట్టి ఈ ఒక్క విషయంలో నేను తప్పు చేయలేదు. క్యాంపింగ్ గ్యాస్ డబ్బాలు విమానంలో ఏ బ్యాగులోనూ ఒప్పుకోరు. మేం టీకి రంగత్‌లో చిన్న కిరోసిన్ స్టవ్ సంపాదించాం. తిండికి గెస్ట్‌హౌస్‌లో బతిమాలి కలిపించుకున్న పులిహోర, ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పూస, అటుకులు. మొదటి రాత్రి టెంటు పక్కన గరగరా గీకుతున్న చప్పుడైతే టార్చ్ వేశాం. శంఖాలు మోసుకు తిరిగే పీతలు ముప్పై నలభై, పులిహోర డబ్బా చుట్టూ పేరంటానికి వచ్చినట్టు కూర్చున్నాయి. డబ్బాని చెట్టుకి వేలాడదీయండి. ఆ చెట్టు కొబ్బరిచెట్టు కాకుండా చూసుకోండి, టెంటుకి కూడా అదే నియమం.

మొసళ్ల భయం నిజమైనదే. అక్కడివి ఉప్పునీటి మొసళ్లు, మడ అడవి పాయలు సముద్రంలో కలిసే చోట తిరుగుతాయి. అలాంటి పాయకి దగ్గరగా టెంటు వేయొద్దు, స్నానాలు చేయొద్దు, బోర్డు ఉన్నా లేకపోయినా డుంగీ వాళ్లని అడిగే నీళ్లలో దిగండి.

ఫోను: చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలైంది, లాంగ్ ఐలాండ్ కూడా అందులో ఉంది. ఊళ్లో నెట్ వస్తుంది. బీచ్‌లో మాకు సిగ్నల్ లేదు. ఏ రోజు ఎన్నింటికి తిరిగొస్తారో కాగితం మీద రాసి గెస్ట్‌హౌస్‌లో ఇచ్చి వెళ్లండి. శంఖాలు, పగడపు ముక్కలు బ్యాగులో వేసుకోకండి, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

ఇక టెంటు. నలుగురు పట్టే ఏదైనా సరే, అద్దెదైనా సరే, కానీ దాని వల కళ్లు బాగా సన్నగా ఉండాలి. అక్కడి ఇసుక ఈగలు దోమలో పావు వంతు కూడా ఉండవు. కుట్టినప్పుడు తెలీదు, మర్నాటి నుంచి వారం రోజులు గోకుడే. పొద్దున్నా సాయంత్రం కాళ్లకి కొబ్బరినూనె జిడ్డోడేలా పట్టించమని అన్న చెప్పాడు, ఆ ఒక్క మాట విన్నాం. కొనే ముందు షాపులోనే జిప్పు పదిసార్లు లాగి చూడండి. మాది రెండో రాత్రి సగంలో ఇరుక్కుపోతే సేఫ్టీ పిన్నులు పెట్టుకుని పడుకున్నాం.