అవివేకం అంటే తెలివితక్కువేనా?

సందేహం: మా అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో "నాలుగు చోట్ల కొటేషన్ అడక్కుండా లిఫ్టు పని ఇచ్చేయడం అవివేకం" అన్నాను. కమిటీలో ఒక పెద్దాయన, ఆయనా తెలుగువారే, "అంటే నాకు తెలివి తక్కువనా అమ్మా?" అని నొచ్చుకున్నారు. రెండూ ఒకటేనా? "అవివేకతనం" అనవచ్చా?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

సమాధానం: ఒకటి కాదు. మీ మాట సరైనదే.

వివేకంలో ఉన్న ధాతువు 'విచ్'. వేరుచేయడమని అర్థం. యాగం కోసం వడ్లు దంచి పొట్టు చెరిగేటప్పుడు చెప్పే యజుర్వేద మంత్రం ఒకటుంది: "వాయుర్వో వివినక్తు". గాలి మిమ్మల్ని వేరుచేయుగాక అని గింజలతో అనడం. ఆ 'వివినక్తు', మన 'వివేకం' ఒక ధాతువు నుంచి పుట్టినవే. గౌరి పండుగ ముందు గాంధీబజారులో చేటలు జతలు జతలుగా అమ్ముతారు, చూసే ఉంటారు. కన్నడంలో వాటిని 'మొర' అంటారు. చేటను ఎగరేస్తూ చెరుగుతుంటే పొట్టు అంచు దాటి రాలిపోతుంది, గింజ వెనక్కి చేరుతుంది. బుద్ధి ఆ పని చేస్తే వివేకం, చేయకపోతే అవివేకం. హంసకు చెప్పే నీరక్షీరవివేకం కూడా ఈ నేర్పే.

పెద్ద ఉద్యోగంలో ఉన్నవాడు, ఖాతా (ఆస్తికి నగరపాలిక ఇచ్చే రికార్డు) కాగితాలు చూడకుండా బ్రోకరు మాట మీద ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చేశాడనుకోండి. తెలివికేం తక్కువ లేదు. ఖాతా చూడాలని తెలుసు, కాబట్టి అజ్ఞానమూ కాదు. ఆ తొందరలో మంచీచెడూ విడదీసి చూసుకోలేదు, అంతే. అది అవివేకం. నలుగురూ వద్దన్నా వినకపోతే అప్పుడు మూర్ఖత్వం. సంస్కృత కవి భారవి రాసిన 'కిరాతార్జునీయం' కావ్యంలో ధర్మరాజు భీముడితో "సహసా విదధీత న క్రియామ్, అవివేకః పరమాపదాం పదమ్" అంటాడు. తొందరపడి ఏ పనీ చేయకు, అవివేకం పెద్ద ఆపదలకు నెలవు అని. తమ్ముడికి బుద్ధి లేదని కాదు, ఆవేశంలో ఉన్నాడని ఆ హెచ్చరిక.

మరి పెద్దాయన ఎందుకు నొచ్చుకున్నారు? పనిని అవివేకం అనడం వేరు, మనిషిని అవివేకి అనడం వేరు. కన్నడంలో 'అవివేకి' గట్టి తిట్టు. బెంగళూరులో రోజూ అది వినే చెవికి మీ మాట కూడా తిట్టులాగే తగిలి ఉంటుంది. వయసులో పెద్దవారి దగ్గర "తొందరపడ్డామేమోనండీ" అంటే విషయమూ చెప్పినట్టవుతుంది, వారి మనసూ కష్టపడదు.

'అవివేకతనం' మాత్రం వద్దు. మంచి, చిలిపి లాంటి మాటలకు 'తనం' చేరితే మంచితనం, చిలిపితనం అవుతాయి. అవివేకం తనకు తానే గుణం పేరు, దానికి మళ్లీ తోక అక్కర్లేదు. అవివేకపు పని, అవివేకమైన నిర్ణయం, రెండూ నిక్షేపంగా వాడుకోండి.